మసక అద్దాల చరిత్ర

2020 వేసవిలో నాకూ మా నాన్నకీ రోజూ ఫోన్లో ఒకటే గొడవ. ఆయన మాస్కుని ముక్కు కిందకి దించుకుని బజారుకి వెళ్తున్నాడని అమ్మ ఫిర్యాదు. నేను హైదరాబాదులో లాప్‌టాప్ ముందు కూర్చుని ఆయనకి వైరస్ మీద క్లాసు పీకేవాణ్ణి. "ముక్కు మీదకి లాక్కో నాన్నా, అది గడ్డానికి కట్టుకునేది కాదు" అంటే, "లాక్కుంటే మెట్లు కనపడట్లేదురా" అనేవాడు. ముప్ఫయ్యేళ్ళు లారీ తోలిన మనిషి. చెప్పిన మాట వినడం ఆయనకి అలవాటు లేదు. అదొక సాకు అనుకున్నాను.

తర్వాత మెట్రో మళ్ళీ నడవడం మొదలయ్యాక, ఒకరోజు ఏసీ పెట్టెలోంచి దిగి మెట్ల దగ్గరకొచ్చాను. కళ్ళద్దాల మీద ఒక్కసారిగా తెల్లటి పొర కమ్మింది. రెండో మెట్టు ఎక్కడుందో తెలియలేదు. పక్కనున్న రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను. వెనకాల జనం. చెయ్యి దానంతటదే మాస్కు మీదకెళ్ళి కిందకి లాగింది. ఆ క్షణంలో నేను వైరస్ గురించి ఏమీ ఆలోచించలేదు.

ఈ వ్యాసం ఆ మెట్ల దగ్గర మొదలైంది. మాస్కు చరిత్ర మీద 2020 నుంచి బోలెడు రాశారు. ఎవరు కనిపెట్టారు, ఎవరు పెట్టుకోనన్నారు, ఏ ప్రభుత్వం జరిమానా వేసింది, ఇవన్నీ దొరుకుతాయి. కానీ ముఖానికి ఏదైనా కట్టుకున్న ప్రతిసారీ మనిషికి ఎదురైన ఈ చిన్న ఇబ్బంది, ఊపిరి కాపాడుకుంటే చూపు పోవడం, చరిత్రలో అక్కడక్కడ ఒక్కో వాక్యంగా మాత్రమే కనబడుతుంది. ఆ వాక్యాలని ఒకచోట పేర్చి చూద్దామనిపించింది.

*

ముందు అసలేం జరుగుతుందో చూద్దాం. మనం వదిలే ఊపిరి దాదాపు 34, 35 డిగ్రీల వేడితో, పట్టగలిగినంత తేమతో బయటికొస్తుంది. మామూలుగా అయితే ముందుకెళ్ళి గాల్లో కలిసిపోతుంది. మాస్కు అడ్డం ఉంటే అది సులువైన దారి వెతుక్కుంటుంది. ముక్కుకి అటూ ఇటూ ఉన్న సందు దానికి అందరికంటే దగ్గర. అక్కణ్ణుంచి నేరుగా పైకి, కళ్ళద్దాల లోపలి వైపుకి. అద్దం చల్లగా ఉంటే ఆవిరి అక్కడే నీరవుతుంది. ఎండాకాలం చల్లటి సీసా బయట చెమ్మ పట్టినట్టే.

ఇందులో ఒక తిరకాసుంది. నీళ్ళు పారదర్శకం కదా, మరి చూపెందుకు ఆగుతుంది? ఎందుకంటే నీరు అద్దం మీద పొరలా పరుచుకోదు, కంటికి ఆనని వేల బొట్లుగా నిలబడుతుంది. ప్రతి బొట్టూ వెలుతురుని తనకి తోచిన వైపు విరజిమ్ముతుంది. అంటే చూపుని ఆపేది నీరు కాదు, నీరు నిలబడే తీరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

కాబట్టి పరిష్కారాలు మూడు రకాలు. ఊపిరిని అద్దం దాకా రానివ్వకపోవడం ఒకటి. వచ్చిన తేమని పొడిగాలితో తోసెయ్యడం రెండోది. వచ్చినా బొట్లు కట్టనివ్వకపోవడం మూడోది. గత నూటపాతికేళ్ళలో మనిషి ఈ మూడింటి చుట్టూనే తిరిగాడు.

*

ఆపరేషన్ గదిలో మాస్కు వయసు 1897 నుంచి లెక్కేస్తారు. అప్పటి జర్మనీలోని బ్రెస్లౌ, ఇప్పటి పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్. అక్కడ కార్ల్ ఫ్లూగె అనే శాస్త్రవేత్త, మనం మాట్లాడేటప్పుడు తుళ్ళే తుంపర్లలో బ్యాక్టీరియా ఉంటుందని చూపించాడు. అదే ఊళ్ళో సర్జన్ యోహాన్ ఫాన్ మికులిచ్ దాన్ని సీరియస్‌గా తీసుకుని, టోపీకి రెండు తాళ్ళతో ఒక గాజుగుడ్డ ముక్క కట్టుకుని ఆపరేషన్లు చేశాడు. ఊపిరాడ్డానికి ఇబ్బందేమీ లేదని, ఆడవాళ్ళు మేలిముసుగులో తిరగడం లేదా అనే అర్థంలో రాశాడు. అదే ఏడాది అక్టోబరులో పారిస్‌లో పాల్ బెర్జే కూడా మాస్కు మొదలుపెట్టాడు. ఆయనది ఆరు పొరల గుడ్డ. ఇద్దరి ఆలోచనా ఒకటే: రోగిని డాక్టరు నోటి నుంచి కాపాడాలి. డాక్టరు కంటి సంగతి ఆ లెక్కలో లేదు.

20వ శతాబ్దం మొదటి దశాబ్దాల నాటి ఆపరేషన్ గదుల ఫోటోలు చూస్తే, నోటికి మాత్రమే మాస్కు కట్టుకుని ముక్కు బయటికి వదిలేసిన డాక్టర్లు చాలామంది కనిపిస్తారు. మనం 2020లో ఎవర్ని చూసి పళ్ళు నూరామో, వాళ్ళ తాతలన్నమాట.

మాస్కు డాక్టరుని కూడా కాపాడాలి అన్న ఆలోచన గట్టిగా నిలబడింది 1910 చివర్లో, మంచూరియాలో. హర్బిన్ ఊళ్ళో న్యుమోనిక్ ప్లేగు. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వు లియెన్‌తే అనే ముప్ఫయ్యొక్కేళ్ళ డాక్టరు అక్కడికెళ్ళి, ఇది ఎలకల నుంచి కాదు, మనిషి ఊపిరి నుంచి మనిషికి అంటుతోందన్నాడు. మధ్యలో దూది పెట్టి గాజుగుడ్డ పొరలతో మాస్కులు కుట్టించి అందర్నీ కట్టుకోమన్నాడు. ఆయనకంటే అనుభవజ్ఞుడైన ఫ్రెంచి డాక్టరు జెరాల్డ్ మెనీ ఈ కుర్రాడి మాట నమ్మలేదు. మాస్కు లేకుండా రోగుల్ని పరీక్షించాడు. 1911 జనవరిలో, కొద్దిరోజుల్లోనే, అదే ప్లేగుతో పోయాడు. ఆ జబ్బు మొత్తం మీద సుమారు 60,000 మందిని పొట్టన పెట్టుకుంది.

మెనీ కథని అందరూ అహంకారానికి ఉదాహరణగా చెప్తారు. అది నిజమే కావచ్చు. కానీ మాస్కు పెట్టుకోని ప్రతివాణ్ణీ మెనీ ఖాతాలో వేసెయ్యడం మనకి అలవాటైపోయింది. నేను మా నాన్నని వేసినట్టు.

*

చూపుకీ ఊపిరికీ మధ్య పోటీ ప్రాణాంతకంగా మారింది మొదటి ప్రపంచ యుద్ధంలో. 1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్ గాల్లోకి వదిలింది. ఎదురుగా ఉన్న ఫ్రెంచి, అల్జీరియా సైనికుల దగ్గర దేనికీ సమాధానం లేదు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, అదే నేల మీదకి మన లాహోర్ డివిజన్‌ని పంపారు. వాళ్ళమీదా గ్యాస్ వదిలారు. బ్రిటిష్ ఆఫీసర్లు ఒక్కరూ మిగలని పరిస్థితిలో జమేదార్ మీర్ దస్త్ మనుషుల్ని కూడగట్టి, గాయపడినవాళ్ళని మోసుకొచ్చి విక్టోరియా క్రాస్ పొందాడు. పతకమైతే వచ్చింది. ఆ గ్యాస్ ఆయన ఆరోగ్యాన్ని మాత్రం వదల్లేదు.

ఆ రోజుల్లో రక్షణ అంటే ముక్కుకి అడ్డం పెట్టుకునే తడిగుడ్డే. కొన్ని వారాల్లో న్యూఫౌండ్‌లాండ్ డాక్టరు క్లూనీ మెక్‌ఫర్సన్ ఆలోచనతో హైపో హెల్మెట్ వచ్చింది. పేరుకే హెల్మెట్. నిజానికి అది రసాయనాల్లో ముంచిన ఫ్లానెల్ సంచీ. తలమీద నుంచి తొడుక్కుని అంచుల్ని కాలరు లోపలికి దోపుకోవాలి. చూడ్డానికి ఒక చిన్న కిటికీ. పీల్చడం, వదలడం రెండూ ఆ గుడ్డ గుండానే. వదిలిన ఊపిరి వేడీ తేమా అంతా లోపలే. ఆ కిటికీ ఎంతసేపు తేటగా ఉంటుందో ఊహించుకోండి. చూపు లేని సైనికుడు తుపాకీ పేల్చలేడు, పరిగెత్తలేడు, గ్యాస్ మబ్బు వెళ్ళిపోయిందో లేదో కూడా చెప్పలేడు. సంచీ ఎత్తి చూస్తే ఊపిరి పోతుంది.

తర్వాతి నమూనాల్లో ఊపిరి వదలడానికి వేరే కవాటం పెట్టారు. 1916లో వచ్చిన స్మాల్ బాక్స్ రెస్పిరేటర్ మరో అడుగు ముందుకేసింది. సైనికుడు ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, పళ్ళతో ఒక రబ్బరు గొట్టం కరిచిపట్టుకుని, నోటితోనే గాలి పీల్చి వదలాలి. కళ్ళ చుట్టూ ఉన్న గదిలోకి ఊపిరి రానే రాదు. మూడు రకాల్లో ఇది మొదటిది, దారి మళ్ళించడం. ముక్కు నొప్పి, నోట్లోంచి చొంగ, మాట్లాడే వీల్లేదు. అయినా చెమట తేమకే అద్దాలు మసకబారేవి. అందుకని తొడుగుని మడతలా పట్టుకుని లోపలినుంచి అద్దం తుడుచుకునేలా కుట్టారు. ఆ మడత కుట్టినవాడికి అసలు యుద్ధం ఏమిటో తెలుసనిపిస్తుంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త జూల్ తిసో ఆలోచన. ఆయన సమస్యని తలకిందులు చేశాడు. వదిలే గాలిని గురించి కాకుండా పీల్చే గాలిని గురించి ఆలోచించాడు. వడపోత డబ్బాలోంచి వచ్చే తాజా గాలి ముక్కుకి చేరేముందు రెండు అద్దాల లోపలి వైపునా ఊడ్చుకుంటూ వెళ్ళేలా దారి పెట్టాడు. ప్రతి శ్వాసా తనే అద్దం తుడుస్తుంది. అదనపు మోటారు లేదు, కదిలే భాగం లేదు. ఎలాగూ పీల్చాల్సిన గాలిని ఇంకో పనికి వాడుకున్నాడంతే. నూరేళ్ళు దాటినా గ్యాస్ మాస్కులు చాలావరకు ఇదే సూత్రం మీద తయారవుతున్నాయి. వానాకాలంలో కారు ముందద్దం మీదకి గాలి వదిలే మీట నొక్కినప్పుడు మనం చేసేదీ దీనికి దగ్గరి చుట్టమే.

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ మసక అద్దం కొత్తేమీ కాదు. విల్ఫ్రెడ్ ఓవెన్ 1917లో రాసిన 'డుల్చే ఎట్ డెకోరుమ్ ఎస్ట్' కవితలో, మాస్కు వేళకి తొడుక్కోలేక చనిపోతున్న మనిషిని కవి తన మాస్కు అద్దంలోంచి చూస్తాడు. కాలేజీలో చదివినప్పుడు ఆ మసకని నేను కవిత్వం అనుకున్నాను. కలలా కనిపించడం కోసం ఓవెన్ వాడిన టెక్నిక్ అనుకున్నాను. ఇప్పుడు చదివితే అది రిపోర్టింగ్. అద్దం నిజంగానే అలా ఉండేది. చూస్తున్నవాడు తుడుచుకోలేడు, తీసెయ్యలేడు. మాస్కు వల్ల బతికినవాడికి, బయట చస్తున్నవాడు స్పష్టంగా కనబడడు కూడా.

అసలే కళ్ళజోడున్న సైనికుల గతి ఇంకోరకం. మామూలు కళ్ళద్దాల కాడలు మాస్కు అంచుని ఎత్తేస్తాయి. ఆ సందులోంచి గ్యాస్ వస్తుంది. అందుకని చెవుల దగ్గర పలచగా అతుక్కుపోయే ప్రత్యేకమైన కళ్ళజోళ్ళు చేశారు. జర్మన్లు వాటిని 'మాస్కెన్‌బ్రిల్లె' అన్నారు, అంటే మాస్కు కళ్ళజోడు. మాస్కుని బట్టి కళ్ళజోడు మారాలన్నమాట. 2020లో ఏ దుకాణంలోనూ మనకి ఆ వీలు దొరకలేదు.

*

మూడో దారి సబ్బు. ఇది యుద్ధంలో సైనికుల సంచీల్లోకి మసక పట్టనివ్వని చిన్న ముద్దగా, పుల్లగా చేరింది. 1938లో యుద్ధం తప్పదేమో అన్న భయంతో బ్రిటన్ ప్రభుత్వం జనానికి సుమారు 3 కోట్ల 80 లక్షల గ్యాస్ మాస్కులు పంచింది. వాటి కిటికీ మసకబారకుండా లోపలివైపు తడి వేలితో కాస్త సబ్బు రాయమని సలహా ఇచ్చేవారు. గ్యాస్ దాడి రాలేదు. సబ్బు సలహా మాత్రం మిగిలింది.

సబ్బు ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఒక వంటింట్లోకి వెళ్ళాలి. 1880లలో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఆగ్నెస్ పొకెల్స్ అనే అమ్మాయి ఉండేది. అప్పట్లో అక్కడ ఆడపిల్లలకి విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. ఇంట్లో జబ్బు మనుషుల్ని చూసుకుంటూ, గిన్నెలు తోముతూ, తొట్టిలో నీటి పైపొర జిడ్డు తగిలితే ఒకలా, సబ్బు తగిలితే ఒకలా ప్రవర్తించడం గమనించింది. దాన్ని కొలవడానికి ఒక రేకు తొట్టితో సొంతంగా పరికరం చేసుకుంది. ఏళ్ళపాటు కొలిచింది. 1891 జనవరిలో ఇంగ్లండులోని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన పెద్దమనసుతో దాన్ని 'నేచర్' పత్రికకి పంపాడు, మార్చిలో అచ్చయింది. తర్వాత ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కి 1932లో నోబెల్ తెచ్చిన ఉపరితల రసాయనశాస్త్రం వెనక ఆ రేకు తొట్టి ఉంది. అదే ఏడాది ఆమె ఊరి విశ్వవిద్యాలయం ఆమెకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆమెకి డెబ్భై ఏళ్ళు.

ఆ రేలీయే 1911లో, అద్దం మీద ఊపిరి ఊదితే ఏర్పడే ఆకారాల గురించి 'నేచర్'లో ఒక చిన్న వ్యాసం రాశాడు. శుభ్రమైన గాజు మీద ఆవిరి పలచటి పొరలా పరుచుకుంటుంది. జిడ్డున్న చోట బొట్లు కడుతుంది. మన వేళ్ళూ చెంపలూ తగిలే కళ్ళద్దం ఎప్పుడూ జిడ్డుదే. సబ్బు ఆ జిడ్డుని తీసేస్తుంది, తనదొక పలచని పొర వదిలేస్తుంది. ఆ పొర మీద నీరు బొట్టుగా నిలబడలేదు, పరుచుకోవాల్సిందే. ఆవిరి ఆగలేదు, నీరు ఎక్కడికీ పోలేదు. దాని తీరు మారింది, చూపు తిరిగొచ్చింది.

*

ఇంత తెలిశాక కూడా మనిషి ఇదే అద్దం దగ్గర మళ్ళీ దెబ్బతిన్నాడు, ఈసారి భూమికి 250 కిలోమీటర్లకు పైన. 1966 జూన్ 5న జెమిని 9ఏ నౌకలోంచి యూజీన్ సెర్నన్ అంతరిక్షంలోకి అడుగుపెట్టాడు. పట్టుకోడానికి పట్టు లేక ప్రతి చిన్న పనికీ ఒళ్ళంతా అలిసిపోయింది. గాలితో చల్లబరిచే ఆ సూటు చెమటని తట్టుకోలేకపోయింది. హెల్మెట్ అద్దం లోపల పూర్తిగా మసకబారింది. చెయ్యి లోపలికి పోదు, తుడవడం కుదరదు. ముక్కుని అద్దానికి రాసి రాసి ఒక చిన్న కంత చేసుకుని అందులోంచి చూశాడు. అనుకున్న ప్రయోగం మధ్యలో ఆపేసి, రెండు గంటల పైచిలుకు బయట గడిపి, ఎలాగో లోపలికొచ్చి పడ్డాడు. తర్వాతి ప్రయాణాల్లో అద్దాలకి మసక పట్టని పూత రాయడం నియమమైంది.

ఆ పూత ఇంకో కథ తెచ్చిపెట్టింది. 2001 ఏప్రిల్‌లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్షంలో పని చేస్తుండగా ఎడమకన్ను భగ్గున మండింది. అక్కడ కన్నీరు కిందకి జారదు, కంటి మీదే బంతిలా పెరుగుతుంది. అది పక్కకి పొర్లి కుడికంట్లోకి వెళ్ళింది. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. కారణం, హెల్మెట్ అద్దానికి రాసిన నూనె, సబ్బు కలిసిన మిశ్రమం అని తేలింది. చూపు పోకుండా రాసిందే చూపు తీసింది. ఆ తర్వాత చిన్నపిల్లల కళ్ళు మండని షాంపూ వాడడం మొదలుపెట్టామని ఆయనే ఒక ప్రసంగంలో నవ్వుతూ చెప్పాడు.

2011లో ఇంగ్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పత్రికలో సర్జన్ల కోసం ఒక చిన్న నోట్ వచ్చింది. మాస్కు పెట్టుకునే ముందు కళ్ళద్దాలని సబ్బునీళ్ళతో కడగండి, నీళ్ళు విదిలించండి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. అంతే. మికులిచ్ గుడ్డ కట్టుకున్న 114 ఏళ్ళకి, డాక్టరు కంటి సంగతి వైద్యపత్రికలో అంత సూటిగా కనిపించింది. 2020లో ప్రపంచమంతా పంచుకున్న చిట్కా ఇదే.

మా ఉద్యోగాల్లో ఒక సంగతి రోజూ చూస్తుంటాం. భద్రత పేరుతో పదిహేను రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చమంటే, మనిషి దాన్ని చీటీ మీద రాసి మానిటరుకి అంటిస్తాడు. అతన్ని తిట్టడం తేలిక. తిసో, ఆ మడత కుట్టినవాడు, సబ్బు సలహా రాసినవాడు తిట్టలేదు. మాస్కు పెట్టుకున్నవాడికి ఏం కనపడుతోందో ముందు అడిగారు. 2020లో నాలాంటివాళ్ళం పోస్టర్లు షేర్ చేశాం, ముక్కు కింద మాస్కుల ఫోటోల మీద జోకులేశాం. ఎందుకు దించుకున్నావని ఎవర్నీ అడగలేదు. కొంతమంది నిజంగా పొగరుతోనే దించుకుని ఉంటారు. కొంతమందికి మెట్లు కనపడలేదు.

ఇదంతా చదివాక నాన్నకి ఫోన్ చేశాను. సబ్బునీళ్ళు, గాలికి ఆరబెట్టడం, పొర, బొట్లు, అన్నీ వివరంగా చెప్పాను. ఆయన పూర్తిగా విని, "ఇది తెలియంది కాదురా. వానలో వైపర్ ఆగిపోతే లారీ అద్దానికి పొగాకు రుద్దేవాళ్ళం. నీళ్ళు బొట్లు కట్టకుండా జారిపోయేవి" అన్నాడు.

"మరి కళ్ళద్దాలకి ఆ పని ఎందుకు చెయ్యలేదు?"

"నువ్వే కదరా కొనిచ్చింది. ఖరీదైనవి, కోటింగ్ ఉంది, ఆ గుడ్డతో తప్ప దేంతోనూ ముట్టుకోవద్దన్నావు."

నిజమే, అన్నాను. కళ్ళజోడుతో పాటు ఇచ్చిన చిన్న మెత్తటి గుడ్డ చూపించి, రెండుసార్లు చెప్పి మరీ వచ్చాను. ఆయన నా మాట అక్షరాలా విన్నాడు.